మూతి చూసి మాట పట్టెటోడు

మొన్న కోరుట్లలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ వాళ్లు నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. సైకాలజీ చదివే పిల్లల్లో మంచి మార్కులు వచ్చినవాళ్లను ఏరి ఒక పరిషత్తులో సభ్యులుగా చేర్చుకునే కార్యక్రమం. మా చుట్టుపక్కల ఆ పరిషత్తుకు నాకంటే పాత సభ్యుడు లేడట. నేను ఆటో దిగేసరికి బ్యాండు మోగింది. బ్యాండు పెట్టింది కాలేజీ వాళ్లు కాదు, పక్కనున్న ఫంక్షన్ హాల్లో పెళ్లివాళ్లు. నాకంటే ముందు ఇంకో ఇద్దరిని అడిగి, వాళ్లు రామన్నాకే నన్ను పిలిచారని కూడా టీ దగ్గర తెలిసింది. ఈ వయసులో మనిషి కొంచెం పెంచి చెప్పకపోతే ఎవడూ వినడు. అయితే పెంచింది నా చేత్తో నేనే దించేస్తాను. ఓపిక పట్టండి.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి దీపం ముట్టించి, ప్రమాణం చదివి, ఎదమీద బిళ్ల పెట్టించుకున్నారు. తర్వాత నేను లేచి మానవ మనస్సు గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే పెళ్లికొడుకు గుర్రమెక్కినట్టున్నాడు. బ్యాండు చప్పుడుకు నా మాట ముందు వరస కూడా దాటలేదు. పిల్లలు మర్యాదగా నా మూతి చూస్తూ కూర్చున్నారు. అన్ని కళ్లు ఒక్కసారి నా పెదవుల మీద ఆగడం చూసేసరికి నాకు ఒక మనిషి గుర్తొచ్చాడు. ఆ చప్పుడులో కూడా నా మాట ఒక్కటి పోకుండా పట్టుకోగలిగిన మనిషి. చాలా ఏళ్లుగా గుర్తు చేసుకోకుండా తప్పించుకుంటున్న మనిషి.

ఆ కాలేజీ క్లర్కుది సిరిసిల్ల. ఆయన్ని అడిగాను. వాడకట్టు చెప్పి, మరమగ్గాల పని మానేసి సైకిల్ దుకాణం పెట్టుకున్నాడని ఆనవాలు చెప్పాను.

"గా తాతనా సార్? పాయె. యాడాది దాటె" అన్నాడు. "మీకేమైతడు?"

"దోస్తు."

"గాయినకు దోస్తులున్నరా" అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

*

అతని పేరు రాయను. ఒకప్పుడు ఆ పేరును రాసుకుపోయినవాళ్లు రాసుకుపోయారు, అది చాలు. యూనివర్సిటీలో ఎమ్మే చదివేటప్పుడు హాస్టల్లో మమ్మల్ని ఎట్లాగూ ఊరి పేర్లతోనే పిలిచేవారు. నేను జగిత్యాల, అతను సిరిసిల్ల. ఆ పిలుపులో ముద్దు ఏమీ లేదు. మా వైపు కుర్రాళ్లు కొందరు తుపాకులు పట్టి అడవికి పోతున్నారని సర్కారు మా తాలూకాలను కల్లోలిత ప్రాంతం అన్న రోజులు. పక్క గదివాడు మమ్మల్ని బకెట్ అడగడానికి కూడా ఆలోచించేవాడు. సెలవుల నుంచి తిరిగొస్తే "సంచిలో ఏముంది" అని నవ్వుతూ అడిగేవారు, చెయ్యి మాత్రం నవ్వకుండా సంచిని తడిమేది. మక్క ప్యాలాలు తీసి పెడితే తిని వెళ్లిపోయేవారు.

సిరిసిల్ల గుసగుసలాడినా హాస్టల్ మూడో అంతస్తుకు వినబడేది. హాస్టల్‌కు మూడో అంతస్తు లేదు, అది నేను కట్టింది. కానీ గొంతు మాత్రం అంత గొంతే. లైబ్రరీలో అతన్ని పక్కన కూర్చోబెట్టుకున్నవాడికి ఆ రోజు చదువు లేనట్టే. పాపం, అతనికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు. పదో తరగతి నుంచి సెలవులన్నీ సాంచెల దగ్గర గడిపినవాడు. సాంచెలంటే మరమగ్గాలు, సిరిసిల్లలో ఆ మాటే అంటారు. ఒక రేకుల షెడ్డు, దాన్ని కార్ఖానా అంటారు, దాంట్లో వరసలు వరసలుగా సాంచెలు. అవన్నీ ఒక్కసారి కొడుతుంటే నీ పక్కనున్నవాడు నీ చెవిలో అరిచినా నీకు అందదు. అందుకని అక్కడ ఎవరూ అరవరు. గొంతు జేబులో పెట్టుకుని పెదవులతో మాట్లాడుకుంటారు. పెళ్లి సంబంధాలు, తిట్లు, సినిమా కథలు, చావు కబుర్లు, అన్నీ ఆ చప్పుడు కింద నుంచి చప్పుడు లేకుండా నడుస్తాయి.

తమ కార్ఖానాలో తమవాళ్ల మూతి చదవడం అక్కడ అందరికీ వచ్చు. ఇతనికి లోకం మొత్తం కార్ఖానాయే. కొత్తవాడి మూతి, పక్కకు తిరిగిన మూతి, పాన్ నములుతున్న మూతి, ఏదైనా సరే.

"మీసాలు అడ్డం రావా?" అని అడిగానొకసారి.

"మీసం పరదా అసొంటిదిరా. పరదా ఎనుక ఎవలున్నరో కింద కాళ్లు జూస్తే ఎరుకైతది గద."

మానేరు ఈ ఒడ్డున నిలబడి ఆ ఒడ్డున బట్టలుతికేవాళ్ల ముచ్చట చెప్పేవాడని నేను నా సర్వీసంతా స్టాఫ్‌రూముల్లో చెప్పాను. అది అబద్ధం. రోడ్డుకు ఇవతల నుంచి అవతలి మాట చెప్పేవాడు, అదీ వెలుతురు సరిగా ఉంటే. మెస్సులో వార్డెనూ వంటమనిషీ దూరంగా నిలబడి మాట్లాడుకుంటుంటే రేపటి కూర ఏమిటో మాకు ఇవాళే తెలిసేది. సినిమాకు పోతే ఇంకో సరదా. హీరోయిన్ తండ్రి శవం మీద పడి ఏడుస్తుంటుంది. హాలంతా ముక్కులు చీదుతుంటుంది. ఇతను ఉన్నట్టుండి తన ఆ పెద్ద గొంతుతో, "ఎనుక నిలవడ్డామె పక్కామెను జెర జరుగు, కాలు తిమ్మిరెక్కింది అంటున్నది" అనేవాడు. మమ్మల్ని రెండు టాకీసుల నుంచి వెళ్లగొట్టారు.

మనతో మాట్లాడేటప్పుడు కళ్లలోకి చూడడు, నోటివైపే చూస్తాడు. మనం పక్కకు తిరిగితే చెయ్యి చాపి, గడ్డం పట్టుకుని, తన వైపు తిప్పుకునేవాడు. చంటిపిల్లకు అన్నం పెట్టేటప్పుడు తల్లి తిప్పినట్టు. ఒకసారి ఒక లెక్చరర్‌కు కూడా అట్లా చెయ్యబోయి ఆగాడు. "అబద్ధం గొంతుల పుడ్తదిరా, మూతికి రాదు" అనేవాడు. ఇంకో మాట కూడా అనేవాడు. అది కార్ఖానా కట్టుబాటు: ఒకడి మూతి చదివినవాడు, చదివినట్టు తెలిసేలా జవాబు చెప్పాలి. తల ఊపినా సరే, తిట్టినా సరే. చూసి చూడనట్టు ఊరుకున్నవాణ్ణి అక్కడ మాటదొంగ అంటారు. నూలు కండె దొంగిలించినవాణ్ణయినా క్షమిస్తారు గానీ మాటదొంగతో ఎవరూ మాట్లాడరు.

ఆ కట్టుబాటే అతని కొంప ముంచింది.

*

ఒక సెలవుల్లో అతని వెంట సిరిసిల్ల పోయాను. కార్ఖానాలో అతని అక్క కండెలు చుడుతోంది. నన్ను పైనుంచి కింది దాకా చూసి పెదవులు కదిపింది. అతను పగలబడి నవ్వాడు. నవ్వు కనబడింది గానీ వినబడలేదు. బయటికి వచ్చాక ఏమందని అడిగాను.

"నీ పాయింటు జూసి, దీని కాళ్ల ఎడల్పుకు మా సాంచె మీద ఒగ భీము పడ్తది అన్నది."

భీమంటే సాంచెకు ఎక్కించే పెద్ద నూలు చుట్ట. అప్పుడు బెల్‌బాటమ్‌లు నడుస్తున్నాయి మరి. పగ తీర్చుకోవడానికి ఇంటికొచ్చాక నేనూ ఏదో అన్నాను. ఆమె మళ్లీ పెదవులే కదిపింది. ఇంట్లో సాంచెలు లేవు, చప్పుడు లేదు. కుండలో నీళ్లు ముంచుతున్న చప్పుడు కూడా వినబడుతోంది. ఆమె మాట మాత్రం వినబడలేదు.

అతను ఆ రోజు చెప్పాడు, జీవితంలో మొదటిసారి చిన్న గొంతుతో. ఒక తెల్లవారుజామున పోలీసులు ఎవరినో వెతుక్కుంటూ వచ్చారు. అక్క గడపలో నిలబడి "గాయిన మా ఇంట్ల లేడు" అంది. ఇల్లు వెతికినంతసేపు ఒకడు లాఠీని అడ్డంగా ఆమె గొంతు మీద ఆనించి గోడకు అదిమి నిలబెట్టాడు. కొట్టలేదు. దెబ్బ లేదు, గాయం లేదు. వాళ్లు పోయారు, గొంతు కూడా పోయింది. కార్ఖానాలో చాలా రోజులు ఎవరికీ తెలియనే లేదు. అక్కడ ఎవరి గొంతు ఎవరు విన్నారని?

"కరీంనగర్ల డాక్టర్ జూసి, గొంతుకేం కాలే, మనసుకు తాకింది అన్నడు. మనసుకు డాక్టర్ ఏడుంటడు సార్ అన్న. గట్లాంటి చదువు వేరే ఉంటది, నువ్వు చదువుకో పో అన్నడు, నగుకుంట. చదువుతున్న గద."

ఇప్పుడు ఆలోచిస్తే, మా తరగతి మొత్తంలో ఎందుకు చదువుతున్నాడో తెలిసినవాడు అతనొక్కడే. నాకు ఇంగ్లీషు ఎమ్మేలో సీటు రాలేదు, అందుకని సైకాలజీ. అతనికి మాత్రం లెక్క తేటగా ఉంది. బెంగుళూరులో పెద్ద మానసిక వైద్యశాల ఉంది. అక్కడ ఇలాంటివాళ్లకు వైద్యం చెయ్యడం నేర్పుతారు. మా డిపార్ట్‌మెంటు నుంచి అక్కడికి ఎవరినైనా సిఫారసు చేస్తే పరిషత్తు సభ్యులనే చేస్తారు. కాబట్టి పరిషత్తులో చేరాలి. "అక్క గొంతు తెస్త" అనేవాడు, బజారుకు పోయి ఉప్పు తెస్తానన్నట్టు.

*

పరిషత్తు అంటే ఆ రోజుల్లో మాకు స్వర్గం మెట్టు. ముందు మార్కులు చూస్తారు. తర్వాత లోపల మాట్లాడి చూస్తారు. అందులో నెగ్గినవాడు సభ్యులందరి ముందూ వేదికెక్కి తనకు వచ్చిన ప్రయోగం ఏదైనా చేసి చూపాలి, ఆ తర్వాతే దీపం, ప్రమాణం, బిళ్ల. మార్కుల్లో నేను తరగతికి మొదటివాణ్ణి. సరే, నాలుగోవాణ్ణి. అతను రెండోవాడు.

అతన్ని లోపలికి పిలిచినప్పుడు తర్వాతి వంతు నాది. తలుపు దగ్గర నిలబడ్డాను. పొడుగాటి గది. అటు చివర బల్ల వెనకాల హెడ్ గారు, ఒక మేడమ్, కొత్తగా చేరిన ఒక కుర్ర లెక్చరర్. ఇటు చివర, తలుపు పక్కన, అభ్యర్థి కుర్చీ. ప్రశ్నలు అడిగారు. జవాబులు నాకే కాదు, కింద సైకిల్ స్టాండు వాడికి కూడా వినబడ్డాయి. అన్నీ సరైనవే. ఎందుకు ఈ చదువు అని అడిగితే మాత్రం "ఇష్టం సార్" అన్నాడు. అక్క సంగతి చెప్పాలంటే లాఠీ సంగతి చెప్పాలి కదా.

తర్వాత ముగ్గురూ తలలు దగ్గరగా పెట్టుకుని ఏదో మాట్లాడుకున్నారు. ఇటు చివరకు చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా రాలేదు. ఉన్నట్టుండి నా పక్క నుంచి అతని గొంతు లేచింది.

"మా ఇంట్ల ఎవలూ అడివికి పోలె సార్. నాకు అన్న లేడు, తమ్ముడు లేడు. ఉన్నది ఒక్క అక్కనే. మీ దగ్గరికి పోలీసులు ఎందుకస్తరు సార్, రారు."

ముగ్గురూ తలలెత్తారు. హెడ్ గారు మెల్లగా అడిగారు. "నేనన్నది నీకెలా వినబడింది?"

"ఇనలే సార్. జూసిన."

హెడ్ గారు అన్నది ఇదట: సిరిసిల్లవాడు, వీడి అన్నో తమ్ముడో అడవిలో ఉండే ఉంటాడు, చేర్చుకుంటే రేపు పోలీసులు మన డిపార్ట్‌మెంటుకు వస్తారు. ఇంకెవరైనా అయితే ఆ మాట మింగి, నమస్కారం పెట్టి, బయటికొచ్చి ఏడ్చేవాడు. ఇతను చదివిన మాటకు జవాబు చెప్పాడు. చెప్పకపోతే మాటదొంగ అవుతాడు కదా.

కుర్ర లెక్చరర్‌కు కళ్లు మెరిశాయి. పరీక్షిద్దాం సర్ అన్నాడు. పక్కనే ప్రయోగశాల. అందులో అద్దాల గది. లెక్చరర్, మేడమ్ లోపల కూర్చుని తలుపు బిగించుకుని మాట్లాడారు. సిరిసిల్ల బయట నిలబడి అప్పజెప్పాడు. మేడమ్ పక్కకు తిరిగి అన్నది కూడా చెప్పాడు. అక్కడ ఉన్నది మనసునూ చూపునూ వినికిడినీ కొలిచే పండితులు. చేతుల్లో పరికరాలు, బీరువాల నిండా పుస్తకాలు. ఒక మనిషి కళ్లతో వింటున్నాడు, వాళ్ల ముందే. ఏం చేశారంటారు? భయపడ్డారు.

"ఎవరు నేర్పారిది?" అన్నారు హెడ్ గారు.

"ఎవలు నేర్పలే సార్. కార్ఖానల అందరికి అస్తది."

"అందరికీ వస్తే ఒక్కడూ ఇక్కడికి రాలేదేం?"

"ఆళ్లకు సీటు రాలే సార్."

అతను పొగరుగా అనలేదు. ప్రశ్నకు జవాబు చెప్పాడంతే. హెడ్ గారు అతన్ని పంపేసి, అప్పుడు కూడా అద్దంలోంచి కనబడతానేమోనని అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని కుర్ర లెక్చరర్‌తో అన్నారట: ఇది చదువుతో వచ్చే విద్య కాదు, అడవిలో చప్పుడు కాకుండా మాట్లాడుకోవడం నేర్పుతారు, వీడికి శిక్షణ అయింది. అతని ముందు నోరు మూసుకున్న మొదటి మనిషి ఒక ప్రొఫెసర్.

*

నన్ను తీసుకున్నారు. జగిత్యాలవాణ్ణి ఎట్లా తీసుకున్నారంటారా? నాకు ఏ విద్యా లేదు, అందుకని. వేదికెక్కి అర్థం లేని అక్షరాల జాబితా ఒకటి గుర్తుపెట్టుకుని అప్పజెప్పే ప్రయోగం చేశాను. సగం మరిచిపోయాను. అయినా చప్పట్లు కొట్టారు. ఎదమీద వెండి బిళ్ల పెట్టారు. వెండి కాదులెండి, రేకు; చొక్కాకు తుప్పు మరక పడింది.

అతను వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. కోపం లేదు. బయటికొచ్చాక నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని, "నువ్వు దీపం ముట్టిస్తుంటే హెడ్ సారు అగ్గిపెట్టె నాసిరకం తెచ్చిండ్రని ప్యూన్ను తిట్టిండురా" అని నవ్వాడు. ఆ తర్వాత, "బెంగుళూరు తొవ్వ బందైంది. ఇంకోటి దేవులాడాలె" అన్నాడు. పరీక్షలు రాసి ఊరికి పోయాడు. మళ్లీ సాంచెల మీద.

హెడ్ గారు చెడ్డవాడని నేననను. ఆయనకు తెలిసిన ఒక పోలీసు పెద్దాయనతో ఏదో విందులో ఈ వింత చెప్పారు, వింతగానే. అక్కడి నుంచి ఆ మాట మెట్టు మెట్టు దిగి మా వైపు ఒక స్టేషన్ దాకా వచ్చింది. ఏ స్టేషనో రాసి లాభం లేదు. ఒకరోజు కార్ఖానా ముందు జీపు ఆగింది.

కొట్టలేదు. టీ ఇచ్చారు. ముందు సీట్లో కూర్చోబెట్టారు. పరిషత్తు ఇవ్వని పీట పోలీసులు వేశారు. ప్రొఫెసర్లు అద్దాల గదిలో పరీక్షించి కూడా నమ్మని విద్యను ఒక ఎస్సై పరీక్ష లేకుండా నమ్మాడు. జీపును ఒక టీ హోటల్‌కు ఎదురుగా నిలిపి, లోపల కూర్చున్నవాళ్లను చూపించి, "ఏమంటుండ్రో చెప్పు" అన్నాడు.

"నూలు ధర పెరిగిందంటుండ్రు సార్."

"ఇంకా?"

"బిడ్డ పెండ్లి ముచ్చట సార్."

ఎన్నిసార్లు తీసుకుపోయినా నూలు ధర, బిడ్డ పెండ్లి, ఆసామి కూలి తగ్గించిన సంగతి. ఇంకేమీ చెప్పలేదని అతను నాతో అన్నాడు. నేను నమ్మాను. రుజువుందా అంటే లేదు; ఉందని రాస్తే అది నా పాత రోగం. కానీ ఊరు జీపులో చెప్పిన మాటలు వినలేదు, జీపులో కూర్చున్న మనిషిని చూసింది. మొదటిసారి జీపెక్కిన మర్నాడే అతను కార్ఖానాకు పోతే ప్రతి సాంచె దగ్గరా మనిషి ఉన్నాడు, ప్రతి మూతి మీదా రుమాలు ఉంది. దూది దుమ్ముకు కట్టుకున్నట్టు కట్టుకున్నారు. అన్నేళ్లలో అంతకుముందు దుమ్ముకు ఎవరూ కట్టుకోలేదు. ఆ చప్పుడులో మూతి కప్పుకున్న మనుషుల మధ్య నిలబడటం అంటే ఏమిటో మీరే ఊహించుకోండి. పొమ్మని ఎవరూ అనలేదు. అన్నా అతనికి తెలిసేది కాదు.

అంతలో ఆ హోటల్లో కూర్చునే ఒకతన్ని పోలీసులు ఎత్తుకుపోయారు. తిరిగి రాలేదు. ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు. అందరికీ మాత్రం తెలుసు, ఇతనే అని.

అప్పుడతను ఒక పని చేశాడు. స్టేషన్‌కు తనే పోయి, "కండ్లు మసకలైనయి సార్. మూతులు ఆనుతలెవ్వు. నాకు గా ఇద్దె పోయింది" అని చెప్పాడు. వాళ్లేం తక్కువవాళ్లా? బజార్లో ఎదురుపడినప్పుడు గొంతు లేకుండా పెదవులతో అతని అక్కను బూతు తిట్టేవారు, ముఖం మారుతుందేమో చూడటానికి. ముఖం మారితే దొరికినట్టే. మారకుండా ఉండాలంటే ఒకటే దారి: ఎవరి మూతీ చూడకూడదు. ఎప్పుడూ. ఎక్కడా.

*

మరుసటేడు హెడ్ గారు రిటైరయ్యారు. పరిషత్తు ఆ కుర్ర లెక్చరర్ చేతికొచ్చింది. నేను పట్టుబట్టి, కొట్లాడి, సిరిసిల్లను సభ్యుడిగా తీసుకునేటట్టు చేశాను. కాదు. ఆయనంతట ఆయనే నన్ను పిలిచి, "అతన్ని తీసుకురా, వేదిక మీద ఆ విద్య చేసి చూపిస్తే చాలు, బెంగుళూరుకు నేనే సిఫారసు చేస్తాను" అన్నాడు. నేను చేసిందల్లా బస్సెక్కడం.

కోరుట్లలో ఎక్కిన బస్సును చందుర్తి దాటాక పోలీసులు ఆపారు. అందరినీ దింపి, మూటలు విప్పించి, మగవాళ్లను వరసగా నిలబెట్టారు. నా బిళ్ల చూసి ఇదేమిటన్నారు. పరిషత్తన్నాను. ఏం పరిషత్తన్నారు. మనసు గురించి అన్నాను. ఆ జవాను కాసేపు ఆలోచించి "పో" అన్నాడు. నా జీవితంలో ఆ బిళ్ల పనికొచ్చింది అక్కడే.

ఇంటికి పోయేసరికి అతను గడప పక్కన కూర్చుని సైకిల్ ట్యూబుకు ప్యాచి వేస్తున్నాడు. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల అక్క రాట్నం మీద కండెలు చుడుతోంది. కార్ఖానాకు ఆమె పోవడం కూడా ఆగిపోయిందట. నన్ను గొంతుతో గుర్తుపట్టాడు. "ఏంరా జగిత్యాల" అన్నాడు, నాతో కాదు, నా చెప్పులతో. విషయమంతా చెప్పాను. తలెత్తలేదు. నాకు ఒళ్లు మండి, వంగి, అతని గడ్డం పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను. ఎన్నిసార్లు నన్నట్లా తిప్పాడో. అతను కళ్లు మూసుకున్నాడు.

"ఇడువు. తొవ్వల మనుషులున్నరు."

"బెంగుళూరు పంపిస్తరట. ఇప్పుడన్న రా. ఏం గావాలె నీకు?"

"ఏం జేసి సూపాల్నట?"

"నీకు వచ్చిందే. మూతి చూసి చెప్పుడు. అందరి ముందట ఒక్కసారి."

నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇంకా పట్టదు. "గీడ పోయిందని చెప్పినోన్ని, గాడ ఉన్నదని సూపియ్యాల్నా. పేపరోడు రాస్తడు. మళ్ల జీపస్తది. ఈసారి నూలు ధర అంటే ఊకుంటరా? ఆ పరిషత్తుల పాసైతే నేను గీడ ఎవన్నో ఒగన్ని సంపాలె."

"మరి అక్క?"

ట్యూబు మీద చెయ్యి ఆగింది.

అక్క అంతా వింటూనే ఉంది. ఆమె చెవులు బాగానే ఉన్నాయి. రాట్నం ఆపి లేచి గడపలోకి వచ్చింది. తమ్ముడి ముందు చతికిలబడి పెదవులు కదిపింది. ఒకసారి కాదు. మెల్లగా, పెద్దగా, కార్ఖానాలో కొత్తవాళ్లకు చెప్పినట్టు. అతను ట్యూబు మీద రబ్బరు పామడం మొదలుపెట్టాడు.

"అక్క ఏమో అంటున్నదిరా" అన్నాను.

"ఎరుకే."

"చూడు మరి."

"తలుపు తెరిసున్నది" అన్నాడు.

"మూస్త."

"మూసిన తలుపు ఎనుక ఏం జేస్తుండ్రని రేపు అడుగుతరు."

ఆమె భాష తెలిసినవాళ్లలో ఆమెకు మిగిలింది ఒక్కడే, ఆ ఒక్కడు ఆమెకు జానెడు దూరంలో కూర్చుని నేల చూస్తున్నాడు. ఆమె అతన్ని చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. అదే మాట నాకు చెప్పింది. నేనేదో పెద్ద చదువు చదివినవాణ్ణి, ఎదమీద బిళ్ల ఉంది, మనసు సంగతి తెలిసినవాణ్ణి. ఒక్కొక్క అక్షరం విడదీసి, కళ్లు పెద్దవి చేసి, చెయ్యి తమ్ముడి వైపు చూపుతూ చెప్పింది. ఆమె పెదవులనే చూశాను. నేను చదివిన చదువంతా కళ్లలోకి తెచ్చుకుని చూశాను. తమ్ముణ్ణి పొమ్మంటున్నదో, పోవద్దంటున్నదో నాకు తెలియలేదు.

తల ఊపాను, అర్థమైనట్టు. ఆమె ముఖం తేటపడింది. లేచి పోయి రాట్నం ముందు కూర్చుంది.